మతి తప్పినా పెద్దరికం పోదు: డిమెన్షియా గురించి మూలవాసీ పెద్దల మాట

(వృద్ధుల సంరక్షణ గురించి జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు డిమెన్షియా గురించి, అంటే మతి కొంచెం కొంచెంగా తప్పిపోయే జబ్బు గురించి మాట్లాడమన్నారు. ఈ జబ్బు గురించి డాక్టర్లు చెప్పేది మీకు కొత్త కాదు. మీలో నర్సులున్నారు, ఇంట్లో తల్లినో తండ్రినో చూసుకుంటున్నవాళ్ళున్నారు. అందుకని ఈవేళ ఇంకొందరి మాట మీకు వినిపిస్తాను. కెనడాలో ఫస్ట్ నేషన్స్ పెద్దలు, ఆస్ట్రేలియాలో అబోరిజినల్ పెద్దలు, న్యూజిలాండ్‌లో మావోరీ పెద్దలు. వీళ్ళు ఆ నేలల మూలవాసులు. తమ ఇళ్ళలో, తమ ఊళ్ళలో మతి తప్పుతున్న మనుషుల్ని చూసి వీళ్ళేం అనుకుంటున్నారు? వాళ్ళని ఎలా చూసుకోవాలంటున్నారు?

ఒక మాట ముందే చెప్పాలి. మూలవాసులంటే ఒకే జనం కాదు. కెనడాలోనే ఫస్ట్ నేషన్స్ సమాజాలు ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. భాషలు వేరు, నమ్మకాలు వేరు. కాబట్టి మూలవాసులంతా ఇలా అనుకుంటారని నేను చెబితే నమ్మకండి. కానీ ఒకరినొకరు ఎప్పుడూ చూడని పెద్దలు, వేల మైళ్ళ దూరంలో ఉన్నవాళ్ళు, కొన్ని మాటలు ఒకేలా చెప్పారు. నేను చెప్పేది ఆ మాటల గురించే.

మొదటి మాట. బ్రిటిష్ కొలంబియా లోపలి భాగంలో సెక్వెప్‌మెక్ అనే జాతి ఉంది. ఆ పెద్దలతో కూర్చుని, మతిమరుపు గురించి వాళ్ళు చెప్పింది విని, 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ మరుసటి ఏడు సస్కాచెవాన్‌లో మూలవాసీ పెద్దలతో చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. రెండు చోట్లా పెద్దలు చెప్పింది దాదాపు ఒకటే. బతుకు ఒక చక్రం. పసిబిడ్డగా మొదలవుతాం, పెరుగుతాం, పెద్దవుతాం, మళ్ళీ పసితనం దగ్గరికి చేరతాం. ముసలి మనిషి పేర్లు మరిచిపోతే, తిండి తినిపించాల్సి వస్తే, ఆ చక్రం పూర్తవుతోందని అర్థం. పసిబిడ్డ ఆత్మల లోకం నుంచి ఇప్పుడే వచ్చింది, ముసలివాళ్ళు అటు వెళ్ళబోతున్నారు, అందుకే ఇద్దరూ ఆ లోకానికి దగ్గరగా ఉంటారని చాలా జాతులవాళ్ళు నమ్ముతారు.

ఇది తత్త్వం కదా, రోజూ చూసుకునేవాళ్ళకి దీంతో ఏం పని అంటారా? చాలా పని ఉంది. ముసలావిడ పొద్దున్నే లేచి, ఎప్పుడో పోయిన తన అక్కతో మాట్లాడుతోందనుకోండి. ఆస్పత్రిలో దాన్ని భ్రమ అని రాస్తారు. అమెరికాలో ఒక మూలవాసీ జాతి గురించి 2002లో ఒక అధ్యయనం వచ్చింది. అలాంటి మాటల్ని ఇంటివాళ్ళు అవతలి లోకంతో సంభాషణగా తీసుకుంటున్నారని అందులో రాశారు. అలా తీసుకునే ఇంట్లో ఆవిడని ఎవరూ గద్దించరు. మీ అక్క పోయి ముప్ఫై ఏళ్ళయింది కదా అని రోజుకి నాలుగుసార్లు గుర్తుచేయరు. గుర్తుచేసిన ప్రతిసారీ ఆవిడకి ఆ చావు కబురు కొత్తగా తెలిసినట్టే కదా! ఆ దుఃఖం మళ్ళీ మొదటి నుంచి. ఒకప్పుడు సంరక్షణ కేంద్రాల్లో తేదీ, ఊరు, ఎవరున్నారు, ఎవరు పోయారు అన్నీ రోజూ సరిదిద్దమనేవాళ్ళు. అలా ఒత్తిడి పెట్టొద్దని ఇప్పుడు శిక్షణల్లో చెబుతున్నారు. ఆ ఇళ్ళలో అది ముందునుంచీ ఉన్న పద్ధతే.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. దీన్ని పొగిడి వదిలేయడం నాకిష్టం లేదు. వయసు మీద పడితే ఇంతేలే అనుకోవడంలో ప్రమాదం కూడా ఉంది. మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ తగ్గినా మతిమరుపు వస్తుంది, థైరాయిడ్ తేడా వచ్చినా వస్తుంది, డిప్రెషన్‌లోనూ వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే కొందరు ముసలివాళ్ళు రెండు రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టని స్థితికి వచ్చేస్తారు. అది నయమయ్యే సంగతి. చక్రం పూర్తవుతోందని ఊరుకుంటే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. కాబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, అదీ త్వరగా.

ఆ పెద్దలు కూడా ఇది జబ్బు కాదనడం లేదు. వాళ్ళు చెప్పే రెండో మాట వింటే ఆ సంగతి తెలుస్తుంది. ఇంతగా మతి తప్పడం మా తాతల కాలంలో లేదు, ఇది తరవాత వచ్చింది అంటారు. వయసుతో వచ్చే చిన్న మతిమరుపు వేరు, ఇది వేరు అంటారు. తిండి మారింది, నడక తగ్గింది, తాగుడు వచ్చింది, పిల్లల్ని బళ్ళకి లాక్కుపోయారు, కథలన్నీ నోటికి చెప్పుకునే అలవాటు పోయింది, అందుకే ఇది వచ్చింది అంటారు.

ముసలివాళ్ళకి పాత రోజులన్నీ బాగానే కనిపిస్తాయి అని మీకు అనిపించవచ్చు. లెక్కలు చూద్దాం. మానిటోబాలో క్రీ జాతివాళ్ళ మీద 1993లో ఒక అధ్యయనం వచ్చింది. 65 దాటిన క్రీ పెద్దల్ని, విన్నిపెగ్ నగరంలో అదే వయసు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళని పోల్చి చూశారు. అన్ని రకాల డిమెన్షియా కలిపితే ఇద్దరిలోనూ ఒకటే, 4.2 శాతం. వాటిలో ఒక రకమైన అల్జీమర్స్ ఒక్కటే తీసుకుంటే నగరంవాళ్ళలో 3.5 శాతం, క్రీ పెద్దల్లో 0.5 శాతం. అదే వయసువాళ్ళు, గుర్తుపెట్టుకోండి. ముందే చనిపోవడం వల్ల జబ్బు కనపడలేదనే మాట ఇక్కడ అంత తేలిగ్గా సరిపోదు. తరవాత ఆల్బర్టాలో చూస్తే, 2009 నాటికి ఫస్ట్ నేషన్స్‌లో డిమెన్షియా మిగతా జనంకన్నా సుమారు మూడో వంతు ఎక్కువగా ఉంది. చోటు వేరే అయినా, ఒక్క తరంలో లెక్క మారిపోయింది.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరాన కింబర్లీ ప్రాంతం ఉంది. అక్కడి అబోరిజినల్ జనంలో 45 ఏళ్ళు దాటినవాళ్ళని పరీక్షిస్తే 12.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2008లో తేలింది. అదే వయసులో ఆస్ట్రేలియా జనం మొత్తంలో అది 2.4 శాతం. అయిదు రెట్లు! న్యూ సౌత్ వేల్స్ పట్టణాల్లో ఉండే అబోరిజినల్ పెద్దల్లో కూడా సుమారు మూడు రెట్లు కనిపించింది. అంటే అడవిలో, ఎడారిలో ఉండేవాళ్ళ సమస్య అని తోసిపుచ్చడానికి లేదు.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. బొలీవియాలో అమెజాన్ అడవుల్లో సిమానే అనే జాతి ఉంది. వేట, చేపలు పట్టడం, సొంత సాగు, రోజంతా కాళ్ళ మీదే. వాళ్ళలో 60 దాటినవాళ్ళకి డిమెన్షియా దాదాపు ఒక్క శాతమే ఉందని 2022లో రాశారు. మూలవాసుల రక్తంలోనే ఏదో లోపం ఉందనే వాదన ఈ లెక్కల ముందు నిలవదు. బతుకు ఎలా మారింది, ఎవరు మార్చారు అన్నదే అసలు ప్రశ్న.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి దారితీసే, మార్చుకోగల కారణాలు 14 అని జాబితా ఇచ్చింది. అందులో షుగర్ ఉంది, బీపీ ఉంది, తలకి దెబ్బలున్నాయి, మితిమీరిన మద్యం ఉంది, వ్యాయామం లేకపోవడం, డిప్రెషన్, ఒంటరితనం ఉన్నాయి. ఆ పెద్దలు చెప్పినదాన్ని ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. ఆ జాబితాలో లేనిది పెద్దలు చెప్పినది ఒకటుంది. చిన్నతనంలో మనసుకి తగిలిన దెబ్బ. దానిమీద కూడా పరిశోధన వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లోనే, బాల్యంలో ఎక్కువ కష్టాలు పడ్డ అబోరిజినల్ పెద్దలకి ముసలితనంలో డిమెన్షియా ఎక్కువగా ఉందని 2017లో తేల్చారు. పెద్దలు చాలాకాలంగా చెబుతున్నదే.

దువ్వెన, రేకు కప్పు, అగ్గిపెట్టె

కింబర్లీలో ఆ లెక్క ఎలా తీశారో కొంచెం వివరంగా చెప్పాలి. నాకు ఈ కథంతటిలో బాగా నచ్చే భాగం ఇదే.

జ్ఞాపకశక్తి చూడటానికి ప్రపంచమంతా వాడే పరీక్ష ఒకటుంది, 1975లో వచ్చింది, 30 మార్కులకి. ఈరోజు తేదీ ఎంత? నూరులోంచి ఏడు తీసేయండి, దాంట్లోంచి ఇంకో ఏడు తీసేయండి. ఒక ఇంగ్లిష్ మాటని స్పెల్లింగు వెనకనుంచి చెప్పండి. కాగితం మీద రెండు అయిదు భుజాల బొమ్మలు ఒకదానిమీదొకటి వచ్చేలా గీయండి. బడికి వెళ్ళని మనిషిని, తన బతుకంతా తేదీతో పనిలేని మనిషిని కూర్చోబెట్టి ఇవి అడిగితే ఏమవుతుంది? మతి చక్కగా ఉన్నవాళ్ళు కూడా ఫెయిలవుతారు. అప్పుడు మనం కొలిచింది మతినా, బడి చదువునా?

అందుకని అక్కడి జనంతో, ఆరోగ్య కార్యకర్తలతో కలిసి కొత్త పరీక్ష తయారుచేశారు, 2006లో అది ప్రచురితమైంది. దాని పేరు కికా. ఏముంటుంది అందులో? ఎదురుగా దువ్వెన, రేకు కప్పు, అగ్గిపెట్టె పెడతారు. ఇదేమిటి, దేనికి వాడతారు అని అడుగుతారు. తరవాత ఆ పెద్దాయన చూస్తుండగానే ఆ మూడింటినీ తలా ఒక చోట దాచి, ఎక్కడ పెట్టానో గుర్తుంచుకోండి అంటారు. కాసేపు వేరే మాటలు. ఈ ఊరి పేరేమిటి? ఇప్పుడు ఏ కాలం? పింఛను వచ్చే వారం ఇదేనా? ఆకాశాన్ని చూపించి, తరవాత నేలని చూపించండి. మనుషులు వేటాడి తెచ్చే జంతువుల పేర్లు చెప్పండి, ఒక్క నిమిషం టైము. ఈమూ పక్షి, మొసలి, సైకిలు, ఇలాంటి బొమ్మలు. సీసా మూత తీసి కప్పులో నీళ్ళు పోయండి. ఆ తరవాత, ఇందాక దువ్వెన ఎక్కడ పెట్టాను?

చూశారా? జ్ఞాపకం ఉందా లేదా అన్నది ఇందులోనూ బయటపడుతుంది. పైగా ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. వేటాడి తెచ్చే జంతువుల పేర్లు అడిగితే ఆ పెద్దాయన ముఖం ఎలా ఉంటుంది, నూరులోంచి ఏడు తీసేయమంటే ఎలా ఉంటుంది, మీరే ఊహించుకోండి.

ఈ పరీక్షని తరవాత కెనడాకి తీసుకెళ్ళారు. హ్యూరాన్ సరస్సులో మానిటూలిన్ అనే పెద్ద ద్వీపం ఉంది, అక్కడ అనిషినాబే జాతివాళ్ళు ఉంటారు. ఈమూ బొమ్మ అక్కడ పనికిరాదు కదా. అక్కడి పెద్దల్ని కూర్చోబెట్టుకుని, ఒక్కో ప్రశ్నా వాళ్ళతో చూపించుకుని, వాళ్ళ నేలకి తగ్గట్టు మార్చారు. 2020లో దాని వివరాలు ప్రచురించారు. పరీక్ష పెట్టించుకోవాల్సిన వయసువాళ్ళే పరీక్ష తయారుచేయడానికి కూర్చున్నారు! పెద్దరికాన్ని గౌరవించడం అంటే నా దృష్టిలో ఇదే.

బడి మళ్ళీ ఎదురొచ్చినప్పుడు

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తున్నాను. ఇందాక బళ్ళ మాట వచ్చింది. కెనడాలో 1880ల నుంచి 1990ల దాకా మూలవాసీ పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. ప్రభుత్వం డబ్బు, చర్చిల నిర్వహణ. సుమారు లక్షా యాభై వేలమంది పిల్లలు. జుట్టు కత్తిరించేవారు, పేరు మార్చేవారు, చాలాచోట్ల నంబరు ఇచ్చేవారు, సొంత భాషలో మాట్లాడితే కొట్టేవారు. వేల మంది పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు. సెక్వెప్‌మెక్ నేలమీదే కామ్‌లూప్స్‌లో అలాంటి బడి 1890 నుంచి 1978 దాకా ఉంది. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో సత్య నిర్ధారణ కమిషన్ దీన్ని సాంస్కృతిక జాతిహననం అంది.

దీనికీ డిమెన్షియాకీ ఏమిటి సంబంధం? డిమెన్షియాలో జ్ఞాపకాలు ఏ వరసలో పోతాయో మీకు తెలుసు. గోడకి కొత్తగా వేసిన సున్నం ముందు రాలుతుంది, అడుగునున్న పాత పూత బయటపడుతుంది. పొద్దున తిన్నది గుర్తుండదు, ఆరేళ్ళప్పుడు జరిగింది కళ్ళముందు ఉంటుంది. మరి ఆ ఆరేళ్ళ వయసులో ఈ పెద్దలకి ఏం జరిగింది?

ఒక గదిని ఊహించుకోండి. పొడవాటి వరండా, ఒకేలాంటి తలుపులు, ఒకేలాంటి మంచాలు. వేళకి తిండి, వేళకి లైట్లు ఆర్పడం. యూనిఫాం వేసుకున్న తెల్లవాళ్ళు వచ్చి బట్టలు విప్పి స్నానం చేయిస్తారు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. నేను చెబుతున్నది నర్సింగ్ హోమా, ఆ బడా? బయటినుంచి మనకి తేడా తెలుస్తుంది. జ్ఞాపకం వెనక్కి వెళ్ళిపోయిన ఆ ముసలావిడకి తెలుస్తుందా? ఆవిడ స్నానాల గదిలో కేకలు పెడుతుంది, చెయ్యి విసురుతుంది. కేసు షీట్లో ఏం రాస్తారు? దూకుడు ప్రవర్తన. తరవాత? ఆమెని నిమ్మళపరచడానికి మందు. డిమెన్షియా ఉన్న ముసలివాళ్ళకి అలాంటి యాంటీసైకోటిక్ మందులు ఇస్తే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే గట్టిగా హెచ్చరించింది. భయపడ్డ పిల్లని మందుతో పడుకోబెట్టారు, అదీ జరిగింది.

నర్సుల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు ఇది. ఒక్కరే పది మందిని చూడాల్సి వస్తే ఎవరికైనా టెన్షనే. ఆ కేక ఎక్కడినుంచి వస్తోందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అదీ నా బాధ.

భాష సంగతి కూడా అంతే. తరవాత నేర్చుకున్న ఇంగ్లిష్ చాలామందిలో ముందు జారిపోతుంది, అమ్మ దగ్గర విన్న భాష మిగులుతుంది. ఆ భాష మాట్లాడినందుకే చిన్నప్పుడు దెబ్బలు తిన్నారు. ఇప్పుడు మిగిలింది ఆ భాష ఒక్కటే, వినేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇది ఎంత ఒంటరితనమో ఆలోచించండి.

మరి పెద్దలు ఎలా చూసుకోమంటున్నారు? చాలా మామూలు విషయాలే అడుగుతున్నారు. తమ భాష తెలిసిన మనిషి ఒకరు. తాము తిని పెరిగిన తిండి. పిల్లలు చుట్టూ ఉండటం. పండగలో, ప్రార్థనలో తమ చోటు తమకి ఉండటం. మతి తప్పిందని పెద్దల వరసలోంచి లేపేయకపోవడం.

తిండి మాట తీసుకోండి. ఉత్తర ఒంటారియోలో సూ లుకౌట్ అనే ఊళ్ళో మెనో యా విన్ అనే ఆరోగ్య కేంద్రం ఉంది. ఆస్పత్రి వంటింట్లో వేట మాంసం వండకూడదని నిబంధనలుంటాయి కదా. వాళ్ళు ప్రత్యేకంగా వెసులుబాటు సంపాదించి, మూస్ అనే పెద్ద దుప్పి మాంసం, చేపలు, అడవి పళ్ళు రోగులకి పెడుతున్నారు. ధూపం సంగతీ ఇంతే. సేజ్ ఆకు, తీపిగడ్డి కాల్చి ఆ పొగని ఒంటిమీదికి తీసుకోవడం చాలా జాతుల ప్రార్థనలో భాగం. ఆస్పత్రిలో పొగ అలారం మోగుతుంది, పక్కన ఆక్సిజన్ ఉంటుంది, అందుకే కుదరదనేవారు. ఇప్పుడు గాలి బయటికి పోయే ఏర్పాటుతో దానికోసం వేరే గది కేటాయించే ఆస్పత్రులు ఉన్నాయి. చేయాలనుకుంటే దారి దొరుకుతుంది.

న్యూజిలాండ్‌లో రెండు వందల మందికి పైగా మావోరీ పెద్దలతో మాట్లాడి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ భాష, తమ పాటలు, తమ సామూహిక కార్యక్రమాలు మతి తప్పినవాళ్ళకి మందులా పనిచేస్తాయని ఆ పెద్దలు చెప్పారు. మనిషిలో జ్ఞాపకం పోయినా ఆత్మ పోదు, దాన్ని చూసుకోవాలి అన్నది వాళ్ళ ఆలోచన. ఆత్మ అనగానే కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు, పరవాలేదు. అయోవా విశ్వవిద్యాలయంవాళ్ళు 2014లో ఏం చూశారో చెబుతాను. అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకి సరిగ్గా గుర్తులేదు. కానీ ఆ దుఃఖం, ఆ సంతోషం మాత్రం మనసులో అలాగే ఉన్నాయి. నిన్న నువ్వొచ్చిన సంగతి మీ నాన్నకి గుర్తులేకపోవచ్చు. నువ్వు వచ్చివెళ్ళాక ఆయన మనసు కుదుటపడిందా, కలతపడిందా అన్నది మిగులుతుంది. గుర్తుండదు కదా, వెళ్ళి ఏం లాభం అనేవాళ్ళకి ఇది చెప్పండి.

ఇదంతా ఇంట్లోనే జరగాలని పెద్దలు కోరుకుంటారు. నేనూ అదే కోరుకుంటాను, కానీ ఇంట్లో అంటే ఎవరు? కూతురు, కోడలు, మేనకోడలు. చాలా ఊళ్ళకి సరైన రోడ్డు లేదు, స్పెషలిస్టు దగ్గరికి విమానంలో పోవాలి. ఇంట్లో చూసుకోలేని స్థితి రాగానే ఆ పెద్దమనిషిని వందల మైళ్ళ దూరంలో ఉన్న పట్టణానికి పంపేస్తారు. కెనడాలో రిజర్వుల్లో, అంటే మూలవాసులకి కేటాయించిన నేలల్లో, ఆరోగ్యం కేంద్ర ప్రభుత్వానిది, దీర్ఘకాలిక సంరక్షణ రాష్ట్రాలది. ఖర్చు దగ్గరికొచ్చేసరికి ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. కుటుంబం పవిత్రమైనది, ఆదివాసులు తమవాళ్ళని తామే చూసుకుంటారు అని పొగుడుతూ ఒక్క రూపాయి కూడా ఇవ్వకపోతే ఆ పొగడ్త ఆ కూతురి నడుం మీద మోపిన బరువే. ఆ సమాజాలే నడుపుకునే కేంద్రాలకి, ఆ ఊరి మనుషులకే జీతమిచ్చి శిక్షణ ఇచ్చే పథకాలకి డబ్బు కావాలి. ఆస్ట్రేలియాలో ఒక మంచి పని చేశారు. వృద్ధుల సంరక్షణ సేవలకి మిగతావాళ్ళకి 65 ఏళ్ళు నిండాలి, అబోరిజినల్ జనానికి, మరో మూలవాసీ జనమైన టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులకి 50 నిండితే చాలు. జబ్బు వాళ్ళకి ముందే వస్తోందని ఒప్పుకున్నట్టు.

చివరిగా, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్ళకి ఒక పని అప్పగిస్తాను. మీ దగ్గర చేర్చుకునేటప్పుడు ఒక ఫారం నింపిస్తారు కదా, జబ్బులు, మందులు, అలర్జీలు. దాంట్లో ఇంకొన్ని ప్రశ్నలు కలపండి. చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు? బడి ఎక్కడ, అక్కడ ఎలా ఉండేది? స్నానం ఎవరు చేయిస్తే ఊరుకుంటారు? భయపడితే ఎవరికి ఫోన్ చేయాలి? ఊళ్ళో జనం ఆయన దగ్గరికి ఏ విషయంలో సలహా కోసం వచ్చేవారు? ఈ చివరిది తప్పకుండా అడగండి. దానికి వచ్చిన జవాబు మంచం దగ్గర, అందరికీ కనపడేలా పెట్టండి, రాత్రి డ్యూటీకి వచ్చే కొత్త మనిషి కూడా చదివేలా.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళు ముందు అడగండి, మీరు త్వరగా ఇంటికి వెళ్ళాలి.